బర్క్‌లో ఒక్కరోజు గైడెడ్ టూర్ అవసరమా? మౌంట్ ఆక్స్‌లీ అంత దూరం వెళ్ళి చూడదగ్గదేనా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. సిడ్నీ పెండిల్ హిల్ నుంచి జూలై సెలవుల్లో (ఇక్కడ అప్పుడు చలికాలం), ఖమ్మం నుంచి వచ్చిన అమ్మానాన్నలనీ ఎనిమిదేళ్ళ బాబునీ తీసుకుని కారులో బర్క్ అనే ఆస్ట్రేలియా మారుమూల ఊరికి వెళ్దామనుకుంటున్నారు. ఊరూ, పక్కనున్న మౌంట్ ఆక్స్‌లీ కలిపి చూపించే ఒకరోజు టూర్ ఉందని విన్నారు. కారు మనదే ఉండగా టూర్‌కి విడిగా డబ్బు పెట్టడం దండగేమో, పైగా 200 మీటర్ల గుట్ట కోసం 800 కిలోమీటర్లు వెళ్తామా అని సందేహం.

సూటిగా చెప్తున్నాను, టూర్ తీసుకోండి. ఇంకేదైనా ఖర్చు తగ్గించుకోండి గానీ ఇది తగ్గించుకోకండి. ఎందుకో చెప్పాలంటే కాస్త పెద్దగానే రాయాలి.

నేను సిడ్నీ నుంచి బర్క్ వెళ్ళే దారిలో ఉన్న డబ్బోలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. పత్తి పొలాల్లో నేల తేమ కొలిచే పరికరాలు బిగించడం, చూసుకోవడం నా పని. సీజన్లో నెలకి రెండుసార్లయినా బర్క్ వెళ్తాను. అక్కడి గైడ్లలో కొందరు బాగా పరిచయం, వాళ్ళతో కలిసి ఆ టూర్ నేనే ఆరేడుసార్లు చేశాను, మా నాన్నగారు వచ్చినప్పుడు ఆయన్నీ తీసుకెళ్ళాను. కానీ మొట్టమొదటిసారి మాత్రం గైడ్ లేకుండా నేనూ మా ఆవిడా వెళ్ళాం. మెయిన్ రోడ్డు మీద అటు నుంచి ఇటు నడిచాం, నది ఒడ్డున నిలబడి ఫొటోలు తీసుకున్నాం, నలభై నిమిషాల్లో అయిపోయింది. "ఇక్కడ ఏముందండీ" అంది మా ఆవిడ, నాకూ ఏమీ కనిపించలేదు. అదే ఊళ్ళో రెండేళ్ళ తర్వాత ఒక పెద్దాయన పక్కన కూర్చుని తిరిగితే సాయంత్రం దాకా ఊరు తరగలేదు. బర్క్ అలాంటి చోటు. అక్కడ చూడాల్సింది పైకి కనపడదు, ఎవరో ఒకరు చెప్పాలి.

నది దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఊరు ఉన్నదే దాని వల్ల. డార్లింగ్ నది, అక్కడి ఆదివాసులు బాకా అంటారు, ఆ నది మనుషులే బాకంజీ వాళ్ళు. మీరు వెళ్ళే రోజుకి నీళ్ళు బురద రంగులో ఉండొచ్చు, పెద్ద వెడల్పు కూడా అనిపించదు, గోదావరి చూసినవాళ్ళకి మరీ చిన్నగా కనిపిస్తుంది. కానీ ఒడ్డు ఎంత ఎత్తుగా ఉందో చూడమనండి మీ నాన్నగారిని. వరదొస్తే ఆ ఎత్తంతా నిండి, దాటి, చుట్టూ మైళ్ళకొద్దీ పరుచుకుంటుంది. అందుకే ఊరి చుట్టూ కరకట్ట ఉంది. ఈ ఎత్తు ఒడ్డు వల్లే ఇక్కడి రేవు మూడు అంతస్తుల్లో కట్టారు, నీళ్ళు ఏ మట్టంలో ఉంటే ఆ అంతస్తు నుంచి పడవల్లోకి ఉన్ని బేళ్ళు, అంటే మూటలు, దింపడానికి. ఇప్పుడున్నది పాతదాన్ని చూసి మళ్ళీ కట్టినదే. ఉన్ని బేళ్ళు ఇక్కడ నుంచి చక్రాల ఆవిరి పడవల్లో దక్షిణానికి వెళ్ళేవి. డార్లింగ్ మీదకి ఆ పడవలు మొదటిసారి 1859లో వచ్చాయి, 1885లో సిడ్నీ నుంచి రైలు వచ్చాక వాటి ప్రాధాన్యం మెల్లగా తగ్గింది. ఆ రైలు కూడా ఇప్పుడు లేదు, డబ్బో దాకా రైలు, అక్కడి నుంచి బస్సు, అదీ కొన్ని రోజుల్లోనే.

ఇదే నది ఒడ్డున గైడ్లు తప్పకుండా చెప్పే సంగతి ఒకటుంది. 1829 ఫిబ్రవరి మొదట్లో చార్లెస్ స్టర్ట్ అనే సైన్యాధికారి, హామిల్టన్ హ్యూమ్, వాళ్ళ మనుషులు ఘోరమైన కరువులో నీళ్ళ కోసం వెతుక్కుంటూ ఈ నదికి చేరారు. ఎత్తైన ఒడ్డు, కింద నిండుగా నీళ్ళు, పశువులూ మనుషులూ పరుగెత్తి దిగారు. నోట్లో పోసుకుంటే ఉప్పు! ప్రవాహం బాగా తగ్గిపోయి, నది అడుగునుంచి ఊరే ఉప్పు ఊటల నీళ్ళే ఎక్కువగా మిగిలిన కాలం అది. దాహంతో ఉన్నవాడికి నీళ్ళ ముందే నిలబడి తాగలేకపోవడం అంటే ఏమిటో, ఆ ఒడ్డు మీద నిలబడి వింటే మనసుకి పడుతుంది, ఇంట్లో చదివితే పడదు. బాబుకి కూడా ఇది బాగా గుర్తుండిపోతుంది, నేను తీసుకెళ్ళిన పిల్లలందరూ తర్వాత అడిగేది దీని గురించే.

ఒడ్డున పెద్ద పెద్ద తెల్ల మొదళ్ళ చెట్లు కనిపిస్తాయి, రివర్ రెడ్ గమ్ అంటారు. మన వైపు జామాయిల్ తోటల్లో పెంచే రకాల్లో ఇదీ ఒకటి. భద్రాచలం కాగితం మిల్లు చుట్టుపక్కల తోటల్లో వరసగా సన్నగా నిలబడిన జామాయిల్ చూసిన మీ నాన్నగారు, అదే జాతి చెట్టు సొంత ఊళ్ళో ముగ్గురు చేతులు చాపినా అందనంత లావున ఉండటం చూస్తే ఆశ్చర్యపోతారు. మా నాన్నగారు చెట్టు బెరడు మీద చెయ్యి వేసి అలా చాలాసేపు నిలబడ్డారు.

రేవు పక్కనే క్రాస్లీ అనే పాత ఆయిల్ ఇంజను ఉంది, 1920ల నాటిది, చలికాలం సీజన్లో రోజూ ఓ వేళకి స్టార్ట్ చేసి చూపిస్తారు. వెళ్ళగానే ఆ రోజు ఎన్నింటికో కనుక్కుని మీ గైడ్‌కి చెప్పండి, దాన్ని బట్టి ఆయన వరస మార్చుకుంటారు. బావుల దగ్గర ఆయిల్ ఇంజన్లు తిప్పిన తరం మనది. ఆ డుబ్ డుబ్ చప్పుడు మొదలవగానే మా నాన్నగారి ముఖం చూడాలి! గైడ్‌కి తెలుగు రాదు, నాన్నగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా ఫ్లైవీల్ దగ్గర ఇద్దరూ చేతులతోనే పావుగంట మాట్లాడుకున్నారు. మీ నాన్నగారిది వ్యవసాయ కుటుంబమైతే ఇది అస్సలు వదలకండి.

ఇంక ఊళ్ళో కోర్టు భవనం, నార్త్ బర్క్ పాత వంతెన (1883లో కట్టింది, పడవలు వెళ్ళడానికి మధ్య భాగం పైకి లేచేది), ఎగ్జిబిషన్ సెంటర్, ఇవన్నీ టూర్‌లో వస్తాయి, వాటి గురించి ఎక్కువ రాయను. హెన్రీ లాసన్ అనే ఇక్కడి పెద్ద కవి 1892లో బర్క్ వచ్చి, ఎండల్లో హంగర్‌ఫర్డ్ దాకా రెండు వందల కిలోమీటర్లకి పైగా నడిచాడని చెప్తారు. ఆ ఎండలు చూసినవాణ్ణి గనుక ఆ నడక నాకు నమ్మశక్యం కానంత పెద్ద విషయం.

కానీ స్మశానం గురించి మాత్రం రాయాలి. పెద్దవాళ్ళతో వెళ్తూ స్మశానం ఏమిటని కొందరు టూర్‌లో అది తీసేయమంటారు, మన ఇళ్ళల్లో ఆ పట్టింపు ఉంటుందని నాకూ తెలుసు. ముందే అమ్మగారిని అడగండి, ఇష్టం లేకపోతే ఆవిడ బండిలో కూర్చోవచ్చు, గైడ్లు ఏమీ అనుకోరు. కానీ కుదిరితే వెళ్ళండి. అక్కడ రెండు ఉన్నాయి. ఒకటి డాక్టర్ ఫ్రెడ్ హాలోస్ సమాధి. న్యూజిలాండ్‌లో పుట్టిన కంటి డాక్టరు, ఆదివాసుల కళ్ళు ట్రకోమా అనే కంటి జబ్బుతో పోతుంటే 1970లలో ఈ మారుమూల ఊళ్ళన్నీ తిరిగి వైద్యం చేసినవాడు, 1993 ఫిబ్రవరిలో పోయాక, ఆయన కోరిక ప్రకారం సిడ్నీలో కాకుండా ఇక్కడ పూడ్చారు. శుక్లం ఆపరేషన్‌లో కంట్లో పెట్టే లెన్స్ పేద దేశాలవాళ్ళకి కొనలేని ధర ఉండేది. వాటిని నేపాల్‌లోనూ ఎరిత్రియాలోనూ చౌకగా తయారు చేసే కర్మాగారాలు ఆయన ఆలోచనతో వచ్చినవే. మా నాన్నగారికి గుంటూరులో రెండు కళ్ళకీ శుక్లం ఆపరేషన్ అయింది. గైడ్ చెప్పింది నేను తెలుగులో చెప్పగానే ఆయన చెప్పులు విడిచి, పెద్ద రాయితో కట్టిన ఆ సమాధికి దణ్ణం పెట్టారు. నేను ఏమీ అనలేదు, గైడ్ కూడా టోపీ తీసి పక్కన నిలబడ్డాడు.

రెండోది అదే స్మశానంలో రేకులతో కట్టిన చిన్న గది, అది మసీదు. ఒంటెలతో సరుకు మోసినవాళ్ళది. అందరూ వాళ్ళని ఆఫ్గన్లు అంటారు గానీ అందరూ అక్కడివాళ్ళు కాదు. బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు, అంటే అప్పటి మన ఇండియా మనుషులే. రైలు ఆగిన చోటి నుంచి ఇంకా లోపలి పశువుల స్టేషన్లకి (పెద్ద పెద్ద పశువుల క్షేత్రాలని ఇక్కడ అలా అంటారు) పిండీ టీ పొడీ చేర్చింది వాళ్ళు, తిరిగి ఉన్ని తెచ్చింది వాళ్ళు. ఎడ్లూ గుర్రాలూ నీళ్ళు లేక చచ్చిపోయే దారిలో ఒంటె మాత్రం నడిచేది. ఈ దేశానికి మన వైపు నుంచి వచ్చినవాళ్ళంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళతో మొదలు అనుకుంటాం, వందేళ్ళకి ముందే ఈ ఎర్రమట్టిలో మనవాళ్ళు ఉన్నారని బాబుకి అక్కడ నిలబెట్టి చెప్పండి.

మధ్యాహ్నం భోజనం టూర్‌లో ఉందో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. ఉన్నా సాధారణంగా సాండ్‌విచ్ లాంటిదే. శాకాహారులని ముందే చెప్తే చీజూ టమాటా పెడతారు, మన పెద్దవాళ్ళకి అది భోజనం కాదు. పొద్దున్నే గదిలో పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి, పెరుగు చలికాలంలో పాడవదు. ఊళ్ళో సూపర్‌మార్కెట్ ఉంది, పాలూ పెరుగూ కూరగాయలూ దొరుకుతాయి, కంది పప్పు లాంటివి ఇంటి నుంచే. వంటగది ఉన్న క్యాబిన్ తీసుకుంటే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు కొండ.

200 మీటర్లని మీరు తేలిగ్గా అన్నారు. అది తప్పు కాదు, తిరుమల కొండలు, పాపికొండలు చూసిన కళ్ళకి మౌంట్ ఆక్స్‌లీ గుట్టే. సముద్ర మట్టం నుంచి లెక్కిస్తే 300 మీటర్ల పైచిలుకు, చుట్టూ ఉన్న మైదానం నుంచి చూస్తే దాదాపు 200. కానీ అక్కడ కొండ విలువ దాని ఎత్తులో లేదు, చుట్టూ ఏమీ లేకపోవడంలో ఉంది. దారిలో వచ్చే నింగన్ అనే ఊరి నుంచి బర్క్ దాకా 200 కిలోమీటర్లు మీరు కారు నడుపుతారు కదా, రోడ్డు దాదాపు గీత గీసినట్టు ఉంటుంది, స్టీరింగ్ తిప్పే పని కూడా పెద్దగా ఉండదు, అంత చదునైన నేల. ఆ నేల మీద రెండు రోజులు తిరిగాక, బల్లలా సమంగా ఉన్న ఆ కొండ నెత్తి మీదకి ఎక్కి అంచున నిలబడితే చుట్టూ నాలుగు వైపులా ఆకాశం నేలని తాకిన గీత కనిపిస్తుంది. సముద్రం మధ్యలో ఓడ మీద నిలబడినట్టు. నైరుతి వైపు దూరంగా గుండబూకా కొండల వరస నీలంగా ఉంటుంది, ఇంకేమీ అడ్డం ఉండదు. నేను మొదటిసారి చూసినప్పుడు మాట్లాడలేకపోయాను. ఇప్పుడు కూడా ఎవరినైనా తీసుకెళ్తే పైకి వెళ్ళగానే నోరు మూసుకుంటాను, వాళ్ళే చూసుకోనీ అని.

స్టర్ట్ నది చేరడానికి ముందు ఈ కొండనే గుర్తు పెట్టుకుని నడిచి వచ్చాడు, పైకి ఎక్కి చూశాడు, అంతకుముందు ఏడాది చనిపోయిన సర్వేయర్ జాన్ ఆక్స్‌లీ పేరు పెట్టాడు.  తర్వాత 1829 ఫిబ్రవరి 7 మధ్యాహ్నం మూడింటికి, మబ్బు ముక్క లేదు, గాలి లేదు, ఆయనా హ్యూమూ నది దగ్గర నేల మీద మ్యాపు గీసుకుంటుంటే దూరంగా ఫిరంగి పేలినట్టు పెద్ద శబ్దం విన్నారు. చుట్టూ వందల మైళ్ళలో ఫిరంగి ఉండే అవకాశమే లేదు. ఉల్క అంటారు కొందరు, ఎండకి రాళ్ళు పగిలాయంటారు కొందరు, ఇప్పటికీ తేలలేదు. గైడ్ దీన్ని కొండ మీద నిశ్శబ్దంలో చెప్పినప్పుడు బాబు చెవులు రిక్కించి వింటాడు చూడండి.

అమ్మగారి మోకాళ్ళ సంగతి అడిగారు. కొండ పైదాకా బండి వెళ్తుంది, ఎక్కడం అక్కర్లేదు. పైన చదునుగా ఉంటుంది, కూర్చోవడానికి చోటుంది, అక్కడి నుంచి అంచు దాకా నడక కొద్దిగానే. అమ్మగారికి ఏ ఇబ్బందీ ఉండదు. అంచుల దగ్గర మాత్రం కొండ నిటారుగా దిగుతుంది, బాబు చెయ్యి వదలొద్దు. ఇది నేను మామూలుగా చెప్పే జాగ్రత్త కాదు, పిల్లలు గద్దలని చూస్తూ వెనక్కి నడుస్తారు. అక్కడ వెడ్జ్ టెయిల్డ్ ఈగిల్ అనే పెద్ద గద్దలు మన కళ్ళకి సమాన ఎత్తులో, ఒక్కోసారి మనకంటే కిందనే తిరుగుతుంటాయి, అందుకు.

సొంత కారులో వెళ్ళొచ్చు కదా అంటే, వెళ్ళొచ్చు. కొండ ప్రైవేటు పశువుల స్టేషన్ భూమిలో ఉంది, గేటు ఉంటుంది, ఊళ్ళోని సందర్శకుల కేంద్రంలో అడిగి అనుమతి తీసుకుని వెళ్ళాలి, ఊరి నుంచి 30 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కానీ కొండ అందం సాయంత్రం, పొద్దు గుంకే వేళ. ఎర్రనేల ఇంకా ఎర్రగా అవుతుంది, కొండ నీడ మైదానం మీద మెల్లగా పాకుతూ పోతుంది. అది చూసి తిరిగి రావాలంటే చీకట్లో నడపాలి. చీకటి పడే వేళా తెల్లవారే వేళా అక్కడ రోడ్ల మీదకి కంగారూలు వస్తాయి, ఒకటి దాటిందని మనం ఊపిరి తీసుకునేలోగా రెండోది దూకుతుంది. ముందు గట్టి ఇనుప బంపర్ లేని మామూలు కారుకి పెద్ద కంగారూ తగిలితే రేడియేటర్ పోతుంది, కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. నేను ఇన్నేళ్ళుగా తిరుగుతున్నా పొద్దు గుంకాక హైవే మీద ఉండను. గైడ్ బండికి ఆ బంపర్ ఉంటుంది, ఆయనకి ఆ గేటు, ఆ మలుపు, ఎక్కడ అవి దాటతాయో అన్నీ తెలుసు. టూర్ డబ్బులో సగం ఈ ఒక్క తిరుగు ప్రయాణానికే సరిపోయిందనుకోండి.

వాన సంగతి కూడా. ఎర్రమట్టి రోడ్డు పొడిగా ఉంటే సిమెంటులా ఉంటుంది, ఓ మోస్తరు వాన పడితే సబ్బులా జారుతుంది, నల్ల నేల అయితే చక్రానికి పట్టుకుని వదలదు. మన నల్లరేగడిలో బండి దిగబడటం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కొన్నేళ్ళ కిందట చుట్టాలతో గుండబూకా వెళ్తూ అద్దె కారుని మట్టి రోడ్డులో దింపాను. ముందు రాత్రి వాన పడిందని తెలిసీ వెళ్ళాను. రెండున్నర గంటలు అక్కడే ఉన్నాం, ఒక స్టేషన్ మనిషి ట్రాక్టర్‌తో లాగాడు, ఆయన పైసా తీసుకోలేదు. కారు అద్దెకిచ్చినవాళ్ళు మాత్రం మట్టి రోడ్లకి ఇన్సూరెన్స్ వర్తించదని ఒప్పందంలో ఉందంటూ కింది భాగం రిపేరుకి బాగా వేశారు, చూసుకుంటే నిజంగానే ఉంది, సంతకం పెట్టేముందు నేను చదవలేదు. మీది సొంత కారైనా పాలసీలో ఆ మాట చూసుకోండి. వాన పడితే రోడ్లు మూసేస్తారు, మూసిన రోడ్డు మీద వెళ్తే జరిమానా పెద్దగానే ఉంటుంది. టూర్‌లో ఉంటే వానొచ్చినా గైడ్ కొండ బదులు ఇంకో చోటు చూపిస్తారు, లేదా రోజు మారుస్తారు. రద్దయితే డబ్బు వెనక్కిస్తారా అనేది బుకింగ్‌లోనే అడిగి ఉంచుకోండి.

మీకు రెండో రోజు ఉంది గనుక, నేల పొడిగా ఉంటే గుండబూకా వెళ్ళండి. బర్క్‌కి దక్షిణంగా 50 కిలోమీటర్లు తారు రోడ్డు, తర్వాత మట్టి రోడ్డు. ఇది నేషనల్ పార్కు, కొండ సముద్ర మట్టానికి 500 మీటర్ల దాకా ఉంటుంది, 35 కోట్ల ఏళ్ళు దాటిన ఇసుకరాయి. ముల్గావన్ అనే చోట చిన్న నడక దారి ఉంది, రానూపోనూ ఒకటిన్నర కిలోమీటరు లోపే, చివర రాతి గూడు కప్పు మీద న్‌గెంబా, బాకంజీ మనుషుల బొమ్మలు, ఓకరు అనే ఎర్ర రంగు మట్టితోనూ తెల్లమట్టితోనూ వేసినవి, నాట్యమాడే మనుషులూ చేతి ముద్రలూ. దయచేసి ముట్టుకోవద్దు, బాబుకి ముందే చెప్పండి. అది బొమ్మల ప్రదర్శన కాదు, వాళ్ళకి అది మన గుడి లాంటి చోటు. ఆదివాసీ గైడ్ దొరికే రోజు కుదిరితే మిగతా అన్నీ పక్కనబెట్టి ఆ రోజుకి మీ ప్రయాణం మార్చుకోండి, వాళ్ళు చెప్తే ఆ రాయి వేరేగా కనిపిస్తుంది. దారిలో రెండు వైపులా బూడిద రంగు ఆకుల చెట్లు ముల్గా, అది మన తుమ్మకి చుట్టమే, ఆ కాయలు చూడగానే అమ్మగారు పోల్చేస్తారు. ఒకవేళ తూర్పు వైపు వెళ్ళాలనుకుంటే 100 కిలోమీటర్లలో బ్రివారినా, అక్కడ నదిలో రాళ్ళతో కట్టిన చేపల ఉచ్చులు ఉన్నాయి, మనుషులు కట్టిన అతి పాత కట్టడాల్లో ఒకటిగా చెప్తారు. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, పెద్దవాళ్ళు అలిసిపోతారు.

ఊళ్ళో దొంగతనాలట, భయమా అని కూడా అడిగారు. బర్క్ గురించి టీవీల్లో చెడ్డగానే వస్తుంది. కారులో సంచులు కనపడేలా వదలకండి, రాత్రి తాళాలు వేసుకోండి, అంతే, పెండిల్ హిల్‌లో చేసేదే. దుకాణాలకి ఇనుప షట్టర్లు చూసి కంగారు పడొద్దు. అక్కడ కష్టాలున్నాయి, నిజం, ఉద్యోగాలు తక్కువ, ఆదివాసీ కుటుంబాలకి జరిగిన అన్యాయం పాతది. కానీ ఆ ఊరివాళ్ళే కూర్చుని మరంగుకా అనే పేరుతో పిల్లలు జైలుకి పోకుండా చూసుకునే పని మొదలుపెట్టారు, దేశమంతా దాని గురించి మాట్లాడుకుంటోంది. రెండు వేల మందికి అటూ ఇటూ ఉండే ఊరు, మీరు పలకరిస్తే వాళ్ళు ఆగి మాట్లాడతారు. నాకు ఆ ఊరంటే ప్రేమ, అందుకే ఎవరైనా చూడకుండానే చెడ్డగా మాట్లాడితే బాధేస్తుంది.

కాలం మంచిదే ఎంచుకున్నారు. జూలైలో పగలు 18 డిగ్రీల దగ్గర, రాత్రి నాలుగైదుకి పడుతుంది, అమ్మానాన్నలకి ఉన్ని టోపీ, స్వెట్టర్ తప్పనిసరి, సాయంత్రం కొండ మీద గాలి కోస్తుంది. డిసెంబరు, జనవరిలో అయితే నేనే వద్దని చెప్పేవాణ్ణి. 1896 జనవరి వేడికి ఆ ఊళ్ళో చాలామంది చనిపోయారు, ఇప్పుడూ 45 డిగ్రీలు కొత్త కాదు. చలికాలమైనా మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్ళు బండిలో ఉండాలి. ఈగలు చలికి తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు, ముఖం మీద వలలా వేసుకునే టోపీ ఒకటి కొనండి, చవకే. పత్తి చూపించాలని నాన్నగారికి ఉంటే జూలైకి తీత అయిపోయి ఉంటుంది, ఏప్రిల్, మేలో వస్తే గుండ్రటి పెద్ద మూటలు పొలాల్లో కనిపించేవి, అదీ నదిలో నీళ్ళుండి పంట వేసిన ఏడాది అయితేనే. నీళ్ళు లేని ఏడాది అన్నేసి ఎకరాలు ఖాళీగా వదిలేస్తారు. మా నాన్నగారు దాన్ని చూసి "ఇక్కడా అంతేనా" అన్నారు.

టూర్ బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి చెప్తాను. బండిలో ఎంతమంది, మీ గది దగ్గరికి వచ్చి ఎక్కించుకుంటారా, కొండ మీదకి సాయంత్రం వెళ్తారా లేక మధ్యాహ్నమే తెచ్చేస్తారా (మధ్యాహ్నమైతే ఇంకొకరిని అడగండి), మెట్లు లేకుండా బండెక్కడానికి పెద్దవాళ్ళకి స్టూల్ ఉంటుందా, బాబుకి సీటు సంగతి. మామూలుగా పొద్దున ఊరు, మధ్యాహ్నం తర్వాత కొండ ఉంటుంది. జాండ్రా అనే పాత తరహా చక్రాల పడవ ఎక్కాలంటే దాన్ని విడిగా చూసుకోవాలి, నది మట్టం సరిపోతేనే నడుస్తుంది. స్కూలు సెలవుల్లో చలికాలం బాట పట్టే రిటైర్ అయిన జంటల కారవాన్లతో ఊరు నిండిపోతుంది, కాబట్టి గదీ టూరూ కనీసం ఆరు వారాల ముందే ఖాయం చేసుకోండి. అమ్మానాన్నలకి విజిటర్ ఇన్సూరెన్స్ ఉందో చూసుకోండి, వాళ్ళ మాత్రలు రెండు రోజులు ఎక్కువే పెట్టుకోండి. బర్క్‌లో ఆసుపత్రి ఉంది, పెద్ద అవసరమైతే విమానంలో డబ్బోకి తీసుకొస్తారు.

సిడ్నీ నుంచి ఒకే రోజులో 800 కిలోమీటర్లు వెళ్ళకండి. మొదటి రాత్రి డబ్బోలో ఆగండి, అది దాదాపు సగం దారి. మర్నాడు పొద్దున ఎనిమిదికి బయల్దేరితే నింగన్‌లో టీ, అక్కడ స్టేషన్ దగ్గర ఒక హెలికాప్టర్ పెట్టి ఉంటుంది, 1990 వరదల్లో ఊరి జనాన్నంతా గాల్లో తరలించినందుకు గుర్తు, బాబుకి నచ్చుతుంది. నింగన్‌లోనే ట్యాంకు నింపేసుకోండి, తర్వాతి 200 కిలోమీటర్లలో ఏదో ఒకటి తెరిచి ఉంటుందని నమ్ముకోవద్దు. మధ్యాహ్నం ఒంటిగంట లోపు బర్క్ చేరతారు, ఆ సాయంత్రం ఎక్కడికీ వెళ్ళకుండా నది ఒడ్డున నడవండి, మర్నాడు టూర్. రాత్రి ఊరి దీపాలకి కాస్త అవతలగా, మీ క్యాబిన్ వెనకైనా సరే, లైట్లు ఆపేసి పది నిమిషాలు నిలబడండి, పాలపుంత అడ్డంగా ఆకాశమంతా ఉంటుంది. తిరిగి వచ్చే రోజు ఎండ బాగా పడ్డాక, ఎనిమిదిన్నర తర్వాతే కారు తీయండి.